కూర్చోవడమే ఉద్యోగం

మా సంస్థలో జీతం తీసుకునేవాళ్ళం ముగ్గురం. ఒకరు వెతుకుతారు, ఒకరు మాట్లాడతారు, ఒకరు కూర్చుంటారు. ఆ కూర్చునే మనిషిని నేను.

కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పినవాళ్ళకు ఇది ఇప్పటికీ వేళాకోళమే. "రిటైరయ్యేక అందరం కూర్చునే ఉంటున్నాం మేష్టారూ, మీకొక్కరికే జీతమా?" అంటారు. నవ్వి ఊరుకుంటాను. ఊరుకోవడం నాకు ఈ ఉద్యోగమే నేర్పింది.

ఇళ్ళు వదిలి కనబడకుండా పోయిన మనుషుల కోసం, వాళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళ కోసం పనిచేసే చిన్న సంస్థ మాది. అమలాపురం గడియార స్తంభం దగ్గర, ఒక జిరాక్సు షాపు పైన రెండు గదులు. వెతికే ఆయన పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా చేసి రిటైరయ్యారు. స్టేషన్లు, ఆసుపత్రులు, శవాల గదులు, అనాథాశ్రమాలు, పొరుగు రాష్ట్రాల్లో మాలాంటి సంస్థలు, ఇదంతా ఆయన లోకం. మాట్లాడే ఆవిడ మా ఆఫీసుకి పెద్దావిడ, ఒకప్పుడు కోర్టులో వకీలు. పోయిన మనిషి జాడ దొరికితే ముందుగా ఆ మనిషితో మాట్లాడేది ఆవిడే. బాగున్నారా, మీ ఇంటివాళ్ళకు చెప్పమంటారా, చెబితే ఏ మాట చెప్పమంటారు, అని అడుగుతారు. వయసొచ్చిన మనిషి తనంతట తాను వెళ్ళిపోయి ఉంటే, ఆ మనిషి ఒప్పుకోనిదే మేం ఒక్క ముక్క బయట పెట్టం. బతికి ఉన్నారన్న ముక్క కూడా.

మూడో మనిషి ఇళ్ళకు వెళ్ళి కూర్చుంటాడు. అతనికి జాడ గురించి ఏమీ తెలియనివ్వరు. తెలిస్తే నోరు మూసుకున్నా మొహం చెప్పేస్తుందని పెద్దావిడ నమ్మకం. నేను కాదనలేని నమ్మకాల్లో అదొకటి.

నన్ను పనిలోకి తీసుకునేముందు ఆవిడ నా వ్యాసాల పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు.

"చదివేనండి. బాగా పోట్లాడతారు. ఇక్కడ ఆ పని లేదు," అన్నారు.

"మరి నన్నెందుకు పిలిచేరండి?"

"దేవుడి దయ వల్ల వచ్చేస్తాడులే అని మీరు ఎవరితోనూ అనరు. నాకది చాలు. ఇంతకుముందున్నాయన రోజూ అదే అనేవారు."

ఆవిడ పెట్టిన కట్టుబాట్లు కొద్దివే. వస్తారని చెప్పకూడదు. రారని చెప్పకూడదు. వాళ్ళ నమ్మకాల మీద వాదన పెట్టుకోకూడదు. కాఫీ ఇస్తే తాగాలి. మొదటి రెండూ నాకు సులువు. తెలియనిది తెలియదని చెప్పమనే కదా నేను సభల్లో గొంతు చించుకున్నది. నాలుగోది మరీ సులువు. మూడోదే ప్రాణాంతకం. వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టి, పన్నెండేళ్ళకే తాతగారితో శ్రాద్ధాల మీద వాదన వేసుకున్నవాణ్ణి. ఆ తర్వాత సంస్కరణ సభల్లో పెరిగాను. ముహూర్తాల మీద, వాస్తు మీద, భర్త పోయిన ఆడమనిషికి మనవాళ్ళు చేసే అవమానాల మీద నేను రాయని మాట లేదు. అలాంటివాణ్ణి తీసుకెళ్ళి, ముడుపు కట్టిన గుమ్మాల కింద నోరు మెదపకుండా కూర్చోమన్నారు.

కొత్తపేటలో ఒక టైలరమ్మ ఇంటికి అలా వారానికోసారి వెళ్ళేవాణ్ణి. రోడ్డు వైపు గది షాపు, వెనక గది ఇల్లు. భర్త అల్లవరం వైపు రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా చేసేవాడు. ఒక వేసవిలో చెరువులకు తెగులొచ్చి పంటంతా పోయింది. యజమాని అందరి ముందూ నానా మాటలూ అన్నాడు. మర్నాడు పొద్దున్న, నీళ్ళల్లో గాలి తిప్పే మిషనుకి ఏదో సామాను కావాలని భీమవరం బయల్దేరిన మనిషి మళ్ళీ రాలేదు. పిల్లలు లేరు. నేను వెళ్ళడం మొదలుపెట్టేసరికి పదకొండేళ్ళు దాటింది.

ఆమె కుడుతూనే మాట్లాడేది. నేను బల్ల మీద కూర్చునేవాణ్ణి. మొదట్లో ఆమె అంజనం వేయించిన కథ చెప్పింది. మలికిపురంలో ఎవరో తమలపాకు మీద కాటుక రాసి చూసి, మీ ఆయన ఉత్తరం దిక్కున, నీళ్ళ పక్కన ఉన్నాడని చెప్పాడట.

నా నాలుక దురద పెట్టింది. కాఫీ తాగాను.

ఆమే అంది: "కోనసీమలో నీళ్ళ పక్కన లేనోడెవడండి? అది చెప్పడానికి ఐదొందలు పుచ్చుకున్నాడు."

ఆ రోజు నుంచి ఆ బల్ల మీద కూర్చోవడం నాకు కష్టమనిపించలేదు.

ఆమె చేతిపని ఆ చుట్టుపక్కల పేరున్న పని. ముఖ్యంగా పెళ్ళి జాకెట్లు. ముహూర్తాల రోజులు దగ్గర పడితే ముమ్మిడివరం నుంచి కూడా ఆటోల్లో వచ్చేవాళ్ళు. మిగతా కాలమంతా ఫాల్స్ కుట్టడం, పిల్లల గౌన్లు, కర్టెన్లు. ఏడాది బతుకు ఆ పెళ్ళి జాకెట్ల మీదే నడిచేది. కొలతలు తీసుకునేటప్పుడు ఆమె పెళ్ళికూతురికి బొట్టు పెట్టి మొదలుపెట్టేది. అది ఆ షాపు ఆనవాయితీ. పెళ్ళివారికి అదంటే ఇష్టం.

ఒక రోజు నేను ఉండగానే ఆమె బావగారు వచ్చారు. అంటే భర్తకు అన్న. అల్లవరం దగ్గర పల్లెలో కొబ్బరి తోట, కాస్త వరి పొలం ఉన్న రైతు. మంచి మనిషి. పండగ వస్తే తమ్ముడి భార్యకు చీర, బస్తా బియ్యం పంపడం ఒక్క ఏడాదీ మానలేదట. ఆ రోజు ఆయన కుర్చీలో కూర్చుని చాలాసేపు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"అమ్మాయ్, నాకు గుండె ఆపరేషనన్నారు. కాకినాడలో," అన్నారు.

ఆమె మిషను ఆపింది.

"భయమేం లేదన్నార్లే. కానీ ఒకవేళ అయిందనుకో. నేను పోతే తమ్ముడికి నీళ్ళు వదిలేవోడు లేడు. పన్నెండేళ్ళు నిండుతున్నాయి. పంతులుగారు వచ్చే అమావాస్య బాగుందన్నారు. దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, పదకొండు రోజులూ జరిపించేద్దాం. వాడెక్కడ దిక్కులేకుండా పోయేడో. ఆ రుణం తీరిస్తే నేను నిమ్మళంగా ఆపరేషను బల్లెక్కుతాను."

ఆమె "ఆయ్," అంది. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు మా వైపు అనే ఆయ్. ఒప్పుకున్నట్టా, విన్నట్టా అన్నది ఆ అక్షరాల్లో తేలదు.

ఆయన వెళ్ళాక నా వైపు చూసింది. "బొమ్మ తగలబెట్టేక నా బొట్టు తీసేస్తారు కదండి. మెట్టెలు, గాజులు. అవి పోతే పోయాయి. కానీ పెళ్ళి జాకెట్టు నాకెవరిస్తారండి ఆ తర్వాత?"

ఎంత మామూలుగా అడిగిందో నాకు అంత మంట పుట్టింది. ఒక మనిషి చచ్చాడో బతికాడో ఎవరికీ తెలియదు. చట్టమైతే ఏడేళ్ళు కబురు లేకపోతే పోయినట్టు భావించవచ్చంటుంది. అది ఆస్తుల కోసం, కాగితాల కోసం పెట్టుకున్న ఊహ. గడ్డి బొమ్మను కాల్చి ఒక ఆడమనిషి చేతులకు అశుభం అంటగట్టడం ఊహ కాదు, తీర్పు. సూది పట్టే చేయి అదే, కత్తెర అదే, కొలత అదే. బొట్టు తీసినంత మాత్రాన జాకెట్టు వంకర పోతుందా? ఇదంతా నా గొంతు దాకా వచ్చింది. ఏ సభలోనైనా అయితే గంటసేపు చెప్పేవాణ్ణి. అక్కడ చెబితే వినాల్సింది ఆమె ఒక్కతే. ఆమెకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు.

"నీకేం చేయాలని ఉందమ్మా?" అని మాత్రం అడిగాను.

"వద్దందామని ఉందండి. కానీ ఏం చెప్పి వద్దనను? బతికున్నాడని చెప్పగలనా? ఆపరేషనుకి వెళ్ళే మనిషికి అడ్డం పడ్డానంటారు."

అమావాస్య ఇంకో వారం ఉందనగా పెద్దావిడ నన్ను ఆఫీసు లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఆయన దొరికేరండి. ఎక్కడ, ఎలా అన్నది మీకు చెప్పను. నేను ఫోన్లో మాట్లాడేను. మొదట ఏ మాటా చెప్పొద్దన్నారు. ఇంట్లో కార్యం పెట్టుకున్నారని నేను చెప్పేను. ఆఖరికి ఒక మాటకి ఒప్పుకున్నారు. అది ఉన్నదున్నట్టు పట్టుకెళ్ళండి. ముందో ముక్క, వెనకో ముక్క తగిలించకండి."

ఆ మాట ఇది: "నేను బతికే ఉన్నాను. ఆరోగ్యంగా ఉన్నాను. తిరిగి రాను. ఎక్కడున్నానని అడగొద్దు."

దాన్ని రెండుసార్లు ఆవిడకు అప్పజెప్పి మెట్లు దిగాను. అల్లవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను పడిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. నా జీవితంలో మొదటిసారి ఒక మూఢాచారాన్ని వాదనతో కాక, నిజంతో ఆపబోతున్నాను. నిజం ముందు ఎవరు నిలబడతారు?

ఆ పల్లెలో బావగారి అరుగు మీద కార్యం ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నారు. టైలరమ్మను ముందురోజే పిలిపించుకున్నారు. వంటింటి గడపలో తోడికోడలి పక్కన నిలబడి ఉంది. అరుగు మీద, దర్భల కట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న పురోహితుణ్ణి చూసి నా నవ్వు ఆగలేదు. ఆయన మా మేనమామ కొడుకు, నాకు బావ. చిన్నప్పుడు తాతగారి దగ్గర ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని తర్కశాస్త్రం మొదలుపెట్టాం. ఆయన పూర్తి చేశాడు, నేను దాన్ని వేరే పనికి వాడుకున్నాను.

"రావోయ్ బావా. దేవుడు లేడని ఈ ఊళ్ళో ఎవరికి చెప్పడానికొచ్చేవు?" అన్నాడు.

"ఇవాళ లేడని కాదు, ఉన్నాడని చెప్పడానికొచ్చేను. దేవుడు కాదు, ఈ ఇంటి మనిషి," అన్నాను. అని, నాకు అప్పగించిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను.

టైలరమ్మ గుమ్మం పట్టుకుంది. బావగారు నెమ్మదిగా అడిగారు.

"మీరు చూసేరాండి వాణ్ణి?"

"లేదండి. మా పెద్దావిడ మాట్లాడేరు."

"ఆవిడ చూసేరా?"

"ఫోన్లో మాట్లాడేరు."

"ఫోన్లో ఎవడైనా మాట్లాడతాడండి. మొన్న మా పక్కింటాయనతో బ్యాంకు మేనేజర్నని మాట్లాడి ఖాతా ఊడ్చేశాడు. పోనీ, ఎక్కడున్నాడన్నారు?"

"నాకు తెలియదండి. తెలియనివ్వరు."

"మీకు తెలీదు, మీరు చూళ్ళేదు. అయినా మేం ఆపెయ్యాలి." ఆయనకు కోపం లేదు. అదే నాకు ఇబ్బందిగా ఉంది. "మేష్టారూ, మీరు మంచోరు. మరదలికి ఇష్టం లేదని నాకు తెలుసు. ఆమె కష్టం చూడలేక, పుణ్యానికి ఈ మాట తెచ్చేరేమోనని నా అనుమానం. తప్పుగా అనుకోకండి."

నేను తప్పుగా అనుకోవడానికేం లేదు. ఆ అనుమానం నాకే వచ్చి ఉండేది. వితంతువుల ఆచారాల మీద ఊరూరా మాట్లాడిన మనిషి, ఒక ఆడమనిషిని వితంతువును చేయబోయే కార్యానికి సరిగ్గా ముందు, సాక్ష్యం లేని మాట ఒకటి పట్టుకొచ్చి నమ్మమంటున్నాడు. ఇంకొకడు ఇలా వస్తే నేను నమ్ముతానా?

మా బావ ఇక ఆగుతాడా?

"ప్రత్యక్షం లేదు. ఆనవాలు చూసి ఊహిద్దామంటే, ఆ అనుమానప్రమాణానికీ ఆధారం లేదు. మిగిలింది ఆప్తవాక్యం. నమ్మదగిన మనిషి చెప్పేడు కాబట్టి నమ్మాలి. దాన్ని ప్రమాణంగా ఒప్పుకోనని పుస్తకం నిండా రాసింది నువ్వే కదా బావా. ఋషులు చెబితే చెల్లదు గానీ, గడియార స్తంభం దగ్గర వకీలమ్మ చెబితే చెల్లుతుందా?"

దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ బాగున్నాయి. గుమ్మంలో ఉన్న మనిషిని చూసి మూడూ మింగేశాను. నేను గెలిస్తే మా బావ ఓడతాడు, అంతే. కార్యం ఆగదు.

"నీ మాట నిజమే. నమ్మమని నేను అడగలేను. నేను తెచ్చింది ఇంతే," అన్నాను.

అప్పుడు ఆమె మాట్లాడింది. గడప దాటలేదు, గొంతు పెంచలేదు.

"బావగారండీ, నేనొక ప్రశ్న అడుగుతాను, ఆయన్నే. ఆయనకీ నాకూ తప్ప తెలియంది. మేష్టారి వాళ్ళు అడిగి చెప్తారు. జవాబు సరిగ్గా వస్తే ఆయనే. రాకపోతే మీ ఇష్టం, నేను అడ్డం చెప్పను."

బావగారు ఆలోచించారు. "అదేదో మా ఇద్దరికీ తెలిసింది అడుగు. మా నాన్న మొదట కొన్న ఎడ్ల పేర్లు అడుగు."

"అది ఊరందరికీ తెలుసు కదండీ."

మా బావ దర్భల కట్ట పక్కకు జరిపాడు. తర్కం వాసన తగిలిందంటే ఆయనకు సంభావన గుర్తుండదు. "ఆ అమ్మాయి అన్నది బాగుంది. కానీ ఒకటి. జవాబు ముందే ఒకరి చెవిలో వేసి ఉంచాలి. లేకపోతే ఏ జవాబొచ్చినా ఇదే అనొచ్చు కదమ్మా. నిన్ననడం కాదు, పరీక్ష అంటే అలాగే ఉండాలి."

"మీ చెవిలో వెయ్యమంటారా పంతులుగారూ?"

"నా చెవి పనికిరాదు. కార్యం జరిగితే నాకు ముడుతుంది, ఆగితే ముట్టదు. మా బావ చెవి అసలే పనికిరాదు."

"బావగారితో చెప్పుకునే మాట కాదండి అది," అంది ఆమె. చివరికి తోడికోడలిని తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. లోపల్నుంచి తోడికోడలి నవ్వు వినబడింది. ఆ ఇంటి మనుషుల్లో ఆ వారం ఎవరైనా నవ్వడం అదే మొదలనుకుంటాను.

ఫోన్ చేస్తే పెద్దావిడ అంతా విన్నారు. "అడుగుతాను. జవాబివ్వకపోవచ్చు. ఇవ్వకపోతే ఇక నేను బలవంతపెట్టను. ఆ సంగతి కూడా అక్కడ చెప్పండి," అన్నారు. చెప్పాను. బావగారు అమావాస్య ముందురోజు మధ్యాహ్నం వరకూ చూస్తానన్నారు.

ప్రశ్న ఇది: "మిషను కొన్న రోజు దాని మీద నేను మొదట కుట్టింది ఏమిటి?"

ఆ మధ్య రోజుల్లో ఒకరోజు కొత్తపేట వెళ్ళి కూర్చున్నాను. ఆమె షాపుకి తిరిగొచ్చి, ఎవరివో కర్టెన్లు కుడుతోంది. పెళ్ళి జాకెట్ల గుడ్డలు మడత పెట్టి పక్కన ఉంచింది. అడిగితే, అటో ఇటో తేలాక ముట్టుకుంటానంది.

"జవాబు రాకపోతే ఏమవుద్దండి?"

"తెలియదమ్మా."

"మీకు ఈ ఒక్క ముక్కా బాగా వచ్చేసిందండి," అని నవ్వింది. తర్వాత కర్టెను అంచు దారం పళ్ళతో తెంపి అంది: "ఆయన బతికున్నాడంటే నాకు సంతోషం రావాలి కదండీ. ఎందుకో ఇంకా రావట్లేదు. ముందు జవాబు రానీ అనుకుంటున్నాను."

అమావాస్య ముందురోజు పొద్దున్న ఆఫీసులో పెద్దావిడ జవాబు చెప్పారు. నేను తిరిగి అప్పజెప్పాను. చివర్లో ఆవిడ ఇంకొకటి అన్నారు. "భార్య ఏమైనా చెప్పదలుచుకుంటే వింటానన్నారు ఆయన. ఇంకేం అడగలేదు. ఇది ఆవిడతో విడిగా చెప్పండి, పదిమందిలో కాదు."

నేను వెళ్ళేసరికి అరుగు కింద బొమ్మకు కావలసిన మోదుగాకులు, దర్భలు, కొత్త బట్టలు సిద్ధంగా ఉన్నాయి. వాళ్ళ చుట్టాలు ఒకరిద్దరు దిగారు. టైలరమ్మ అదే గడపలో, పక్కన తోడికోడలు. నేను కూర్చోకుండానే చెప్పాను.

"జవాబొచ్చిందండి. ఆయనన్న మాటలే చెబుతున్నాను. 'ఏమీ కుట్టలేదు. మొదటి కుట్టుకే సూది విరిగింది. ఇంకో సూది ఇంట్లో లేదు. నేను సైకిలేసుకుని రావులపాలెం వెళితే కొట్లు కట్టేశారు. వానొచ్చి ఇల్లు కారుతుంటే మిషను మీద నా పెళ్ళి పంచె కప్పేను.'"

తోడికోడలు ముందు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత అలాగే గడప మీద చతికిలబడింది. "సూది విరిగిందనే చెప్పిందండి. ఏమీ కుట్టలేదు, సూది విరిగింది, నేను ఏడ్చేను, ఆయన సూది కోసం సైకిలెక్కేడు అని చెప్పింది," అంది భర్తతో. "పంచె సంగతి మాత్రం చెప్పలేదండి."

అందరూ టైలరమ్మ వైపు చూశారు.

"పంచె సంగతి నాకే గుర్తులేదండి," అంది ఆమె. "ఇప్పుడు గుర్తొచ్చింది. దానికి మిషను నూనె మరక పడితే నేను తిట్టేను కూడా."

బావగారు ఆ ఆకుల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన మొహంలో మొదట కనబడింది ఊరట. అది చాలాసేపు నిలవలేదు. "అమ్మ పోయినప్పుడు కూడా బతికే ఉన్నాడన్నమాట," అన్నారు. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. తువ్వాలు తీసుకుని మొహం మొత్తం కప్పుకుని తుడుచుకున్నారు. తర్వాత లేచి, మా బావ ముందుకొచ్చి చేతులు జోడించారు.

"పంతులుగారూ, కార్యం లేదండి. మీకు శ్రమైంది."

"శ్రమేముంది నాయనా. దర్భలు వృథా పోవు, నాకు తద్దినాలున్నాయి. నువ్వు నిశ్చింతగా ఆపరేషను చేయించుకో. మనిషున్నాడు," అన్నాడు మా బావ.

ఆటో దాకా నాతో నడిచొచ్చి, సంచి భుజం మార్చుకుని అన్నాడు: "మొత్తానికి ఆప్తవాక్యంతోనే గెలిచేవు."

"కాదు. పరీక్షకు నిలబడిన మాటతో. ఎవరు చెప్పేరని కాదు, చెప్పింది సరిపోయిందా అని చూశాం. ఆ పంచె చూడు, అడిగినవాళ్ళకే గుర్తులేని సంగతి."

"ఆ పరీక్ష పెట్టింది నేను."

"అందుకే నిన్ను మా సభలకు రమ్మంటాను."

"నోర్మూసుకుని ఆటో ఎక్కు," అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. నా బోటివాడు రాసే వ్యాసం అక్కడే ఆగుతుంది, నిజం గెలిచింది, ఆచారం ఓడింది అని. కానీ మా సంస్థలో మనిషి దొరికాక కూడా కూర్చునేవాడు మానడు. అడిగినన్నాళ్ళు వెళతాడు. వారం తిరిగాక కొత్తపేట వెళ్ళాను.

మిషను మీద ఎర్ర పట్టు జాకెట్టు ఉంది. ఆమె మొహం మాత్రం నేను అంతకుముందు ఎన్నడూ చూడని మొహం. నాకు కాఫీ ఇచ్చింది గానీ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టింది.

"ఇన్నేళ్ళూ ఆయన మీద నాకు కోపం రాలేదండి. ఏ లారీ కింద పడ్డాడో, ఏ కాలవలో పడ్డాడో అనుకునేదాన్ని. చచ్చినోడి మీద కోపమేంటి. ఇప్పుడు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి కోపమే. కత్తెర పట్టుకుంటే గుడ్డ ఎక్కువ తెగుతోంది."

నేను కాఫీ గ్లాసు అందుకున్నాను.

"అంటే రోజూ ఎక్కడో లేచి, పళ్ళు తోముకుని, అన్నం తింటున్నాడు కదండీ. నేనిక్కడ గేటు చప్పుడైతే చూస్తుంటే. ఆ యజమాని నాలుగు మాటలంటే పడలేకపోయేడు. నేను ఊరందరి చేతా పడ్డాను."

ఇంతలో గుమ్మం దగ్గర ఆటో ఆగింది. ముమ్మిడివరం నుంచి ఒక తల్లి, పెళ్ళికూతురు. కొలతలకు వచ్చారు. తల్లి లోపలికి వస్తూనే ఆగింది.

"మీ ఆయన బతికే ఉన్నాడంట కదమ్మా. మరి తీసుకురాలేదా?"

"రానన్నాడండి."

"రానన్నాడా." ఆవిడ కూతురి చేయి పట్టుకుని సందేహించింది. ఆవిడ కళ్ళల్లో నాకు తెలిసిన లెక్క తిరుగుతోంది. తప్పిపోయినవాడి భార్య ఒకటి, వదిలేసినవాడి భార్య ఇంకొకటి. కార్యం ఆపితే సరిపోతుందని బస్సు కిటికీ పక్కన కూర్చుని మురిసిపోయిన నాకు, ఈ రెండో తీర్పు అసలు తట్టలేదు. దీనికి మోదుగాకులు అక్కర్లేదు, పురోహితుడు అక్కర్లేదు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగితే చాలు.

టైలరమ్మ టేపు మెళ్ళో వేసుకుని లేచింది.

"వదిలేసింది నన్నండి, నా చేతుల్ని కాదు. జాకెట్టు ఈ చేతులే కుడతాయి. ఇష్టమైతే కొలతలివ్వండి. లేకపోతే రోడ్డుకి అటుపక్క ఇంకో షాపుంది, వాళ్ళూ బాగానే కుడతారు."

తల్లి ఇంకా ఆగే ఉంది. పెళ్ళికూతురు చేయి విడిపించుకుని వచ్చి అద్దం ముందు నిలబడింది. "అమ్మా, మెడ వెనక డోరీ కావాలని చెప్పు," అంది. టైలరమ్మ ఎప్పటిలా ఆ పిల్లకు బొట్టు పెట్టి, భుజం దగ్గర టేపు ఆనించింది. తల్లి బల్ల చివర, నాకు కాస్త దూరంగా కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక, పదిమందిలో చెప్పొద్దన్న మాట ఆమెకు చెప్పాను. నువ్వేమైనా చెప్పదలుచుకుంటే ఆయన వింటానన్నాడని, ఆ మాట మా పెద్దావిడ మోస్తారని.

ఆమె సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించి, ముడి వేసి, అప్పుడు తలెత్తింది.

"చెప్పాల్సింది చాలా ఉందండి. కానీ ఇప్పుడు కాదు. ముహూర్తాలున్నాయి, చేతి నిండా పనుంది. ఇన్నేళ్ళూ నేను కబురు కోసం చూశాను. ఇప్పుడు కొన్నాళ్ళు ఆయన చూస్తాడు."

సాయంత్రం అమలాపురంలో మెట్లెక్కేసరికి పెద్దావిడ ఫోను పక్కన పెట్టి నా వైపు చూశారు. "ఆయన మళ్ళీ చేసేరండి. ఇంటి నుంచి ఏమైనా చెప్పేరా అని," అన్నారు.

"ఇంకా లేదని చెప్పండి," అన్నాను.